సున్నం నిలబెట్టిన మేడ

ఇటలీ నమూనాలో కట్టిన ఓ మేడ రెండు వందల ఏళ్ల తర్వాత హైదరాబాద్‌లో మళ్లీ లేచి నిలబడింది. దాన్ని నిలబెట్టింది విదేశీ సరుకు కాదు... మన సున్నం, మన ఇటుక, మన టేకు, తాపీ పట్టడం తెలిసిన చేతులు. అవన్నీ ఉన్న కృష్ణా డెల్టాలో మాత్రం పాత లోగిళ్లు ఒక్కొక్కటిగా నేలమట్టమవుతున్నాయి.

బందరులో పేటల పేర్లు చదివితే చాలు, సగం చరిత్ర తెలిసిపోతుంది. వలందపాలెం అంటే డచ్చివాళ్లది. ఇంగ్లీషుపాలెం సంగతి చెప్పనే అక్కర్లేదు. పరాసుపేట ఫ్రెంచివాళ్ల గుర్తు. డచ్చివాళ్లు 1605లో ఇక్కడికి అడుగుపెట్టారు. 1611లో ఇంగ్లీషువాళ్లు వచ్చారు. అద్దకం బట్టల కోసం వచ్చినవాళ్లు గిడ్డంగులు కట్టారు, కోట కట్టారు, మేడలు కట్టారు. అన్నిటికీ వాడింది ఇక్కడి ఇటుకా, ఇక్కడి సున్నమే!

1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరును ముంచెత్తింది. దాదాపు 30 వేల మంది చనిపోయారు. ఊరు మళ్లీ పూర్వవైభవం చూడలేదు. నాటి గుర్తులుగా బందరు కోటలో ఇటుక గోడలు, పురావస్తు శాఖ రక్షణలో ఉన్న డచ్చి సమాధులు మిగిలాయి.

ఆ ఉప్పెనకు సుమారు అరవై ఏళ్ల ముందు ఈ ఊళ్లో ఓ హైదరాబాదీ బేగం ప్రవాసంలో గడిపింది. పేరు ఖైరున్నీసా. ఆమె వదిలి వచ్చిన మేడ కథే ఇది.

విచెంజా నుంచి కోఠీ దాకా

హైదరాబాద్‌లో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి జేమ్స్ అకిలీస్ కిర్క్‌ప్యాట్రిక్. ఆయన మనసిచ్చి పెళ్లాడిన అమ్మాయి ఖైరున్నీసా. 1803 ప్రాంతంలో మూసీ ఒడ్డున ఆయన ఓ భవనం మొదలుపెట్టాడు. నిజాం సొమ్ముతో, మద్రాసు ఇంజినీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్ గీసిన నమూనాతో అది లేచింది. అదే రెసిడెన్సీ. ముందు భాగంలో ఎత్తయిన స్తంభాలు, మెట్లకు అటూ ఇటూ రాతి సింహాలు, లోపల దర్బారు హాలు. పరదా చాటున ఉండే బేగం మేడను బయటి నుంచి చూడలేదు కాబట్టి, ఆమె కోసం జనానా తోటలో అచ్చం అలాంటిదే ఓ బొమ్మ మేడ కట్టించాడని చెబుతారు!

1805 అక్టోబరులో కిర్క్‌ప్యాట్రిక్ కలకత్తాలో కన్నుమూశాడు. అంతకు కొద్దిరోజుల ముందే పిల్లలిద్దరినీ ఇంగ్లండుకు ఓడెక్కించారు. ఆ తర్వాత ఖైరున్నీసాకు హైదరాబాద్‌లో అడుగుపెట్టే వీలు లేకుండా పోయింది. బందరులో కొన్నేళ్లు గడిపి, చివరికి సొంత ఊరు చేరి, 1813లో చిన్న వయసులోనే ఆమె కన్నుమూసింది.

ఆ మేడ రూపం ఎక్కడిదనుకున్నారు? ఇటలీలోని విచెంజా ఊరిది. అక్కడ 16వ శతాబ్దంలో ఆండ్రియా పల్లాడియో అనే శిల్పి కట్టిన ఇళ్లే దానికి మూలం. గుడి ముఖద్వారంలా స్తంభాల వరస, కొలిచి కట్టినట్టుండే గదులు... ఆయన 1570లో అచ్చువేసిన పుస్తకాలు చూసి ఇంగ్లండు మోజుపడింది. ఇంగ్లండు నుంచి ఆ మోజు హైదరాబాద్‌కు వచ్చింది.

ఇక్కడే అసలు గుట్టు ఉంది. పల్లాడియో ఇళ్లు చూడగానే పాలరాతివనిపిస్తాయి గానీ, చాలావాటిలో స్తంభాలు సైతం ఇటుకతో కట్టినవే. పైన సున్నపు గార పూసి రాయిలా కనిపించేలా చేశాడు. ఊళ్లో దొరికేదాంతో రాజసం తెప్పించడమే ఆయన గొప్ప. మన మేస్త్రీలకు ఆ విద్య కొత్తేం కాదు. గుల్ల సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన, పెరుగు, బెల్లం కలిపి, నున్నటి రాయితో రుద్ది రుద్ది పాలరాయిలా మెరిపించే మద్రాసు గచ్చును చూసి దొరలే నోరెళ్లబెట్టారు. నమూనా ఇటలీది, పనితనం మనది!

కాలేజీగా మారిన కోట

1949లో రెసిడెన్సీ భవనంలోకి ఉస్మానియా మహిళా కళాశాల వచ్చింది. తరాల తరబడి అమ్మాయిలు దర్బారు మెట్లెక్కి పాఠాలు విన్నారు. కానీ వాన నీరు కారుతూ, దూలాలు పుచ్చుతూ, మేడ బలహీనపడింది. తరగతులను పక్క భవనాలకు మార్చక తప్పలేదు. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ సంస్థ ప్రపంచంలో ముప్పులో ఉన్న కట్టడాల జాబితాలో దీన్ని చేర్చింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి పని సాగింది. సిమెంటు జోలికి వెళ్లకుండా సున్నంతోనే గోడలు, గార బాగుచేశారు. పుచ్చిన కలప తీసి టేకు దూలాలు వేశారు. కాగితపు గుజ్జుతో చేసిన దర్బారు హాలు పైకప్పు నగిషీని తిరిగి తీర్చిదిద్దారు. శిథిలమైన బొమ్మ మేడకూ ప్రాణం పోశారు. 2023లో మేడ తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. నేడది చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయ ప్రాంగణం.

సిమెంటు ఎందుకు వద్దు?

సున్నపురాయినో గుల్లలనో దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు గాలి బయటికి పోతుంది. మిగిలిన సున్నానికి నీళ్లు తగిలిస్తే కుతకుతా ఉడికి ముద్దవుతుంది. గోడకు పూశాక అది గాల్లోంచి అదే బొగ్గుపులుసు గాలిని తిరిగి పీల్చుకుని మెల్లగా మళ్లీ రాయిగా మారుతుంది. అందుకే సున్నపు గోడ ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది.

దానికి మరో గుణముంది... తడిని బయటికి వదులుతుంది. డెల్టాలో ఇది ప్రాణంతో సమానం. బందరు, దివిసీమ నేలలో ఉప్పు ఎక్కువ. అడుగు నుంచి గోడలోకి ఎక్కే తడి ఆ ఉప్పును మోసుకొస్తుంది. సున్నపు గారైతే తడి ఆరిపోతుంది. మహా అయితే పైపొర కొంచెం రాలుతుంది, మళ్లీ పూసుకోవచ్చు. అదే గోడకు సిమెంటు పూస్తే తడి లోపలే చిక్కుకుంటుంది. ఉప్పు ఇటుకలోనే పలుకుకట్టి దాన్ని పిండి చేస్తుంది. బయటికి గోడ కొత్తగా మెరుస్తుంటుంది, లోపల ఇటుక కరిగిపోతుంటుంది!

నల్లరేగడి నేల ఎండకు బీటలిచ్చి వానకు ఉబ్బుతుంది. దాంతోపాటు గోడలూ కాస్త కదులుతాయి. సున్నం ఆ కదలికకు సర్దుకుంటుంది. సిమెంటు సర్దుకోలేక పగులుతుంది.

తొక్కుడు లడ్డు సూత్రం

బందరు తొక్కుడు లడ్డు రుచంతా దంచడంలో ఉందంటారు. గానుగ సున్నం బలమూ అంతే. గుండ్రటి గాడిలో సున్నం, ఇసుక వేసి, ఎద్దులు లాగే రాతిచక్రం కింద గంటల తరబడి నలిపేవారు. నీటి తావుల్లో ఇటుక పొడి కూడా కలిపేవారు. అది కలిస్తే సున్నం తడిలోనూ గట్టిపడుతుంది. రోమన్లు అగ్నిపర్వతపు బూడిదతో సాధించిందీ అదే. రోములోని పాంథియన్ గుమ్మటం దాదాపు 1,900 ఏళ్లుగా నిలిచి ఉంది.

గారలోకి బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం వెళ్లేవి. ఆ కరక్కాయే పెడనలో కలంకారీ బట్టకూ పడుతుంది. రంగు పట్టడానికి ముందు బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీటిలో నానబెడతారు. ఒకే కాయ అటు చీరకూ, ఇటు గోడకూ!

గుడివాడ పల్లెల మండువా లోగిళ్లు ఈ విద్యకు బడులు. నడిమధ్య ఆకాశం కనిపించే మండువా, నాలుగు వైపుల నుంచి లోపలికి వాలిన పెంకుల కప్పు, చేవదేరిన తాటి వాసాలు, చెక్కిన టేకు స్తంభాలు. చిత్రం ఏమిటంటే, క్రీ.శ. 79లో అగ్నిపర్వతపు బూడిద కింద పూడిపోయిన ఇటలీ నగరం పాంపేయిలోనూ ఇళ్లు ఇలాగే ఉండేవి. కప్పు లోపలికి వాలి, వాన నీరు నడిమి తొట్టిలో పడేది. ఎవరు ఎవరిని చూసి కట్టారన్నది కాదు ప్రశ్న. ఎండా వానా తెలిసిన మనుషులు రెండు చోట్లా ఒకేలా ఆలోచించారు.

భయమూ నిజమే

స్లాబు ఇళ్లు వద్దని దివిసీమవాళ్లకు చెప్పే ధైర్యం ఎవరికుంది? 1977 నవంబరు 19 ఉప్పెనలో సుమారు 10 వేల మంది ప్రాణాలు పోయాయి. పూరిళ్లు, మట్టి ఇళ్లు కొట్టుకుపోయాయి. ఆ తర్వాత కాంక్రీటు కప్పు అంటే అక్కడ కంటి నిండా నిద్ర అని అర్థం. కొత్త ఇల్లు గట్టిగానే కట్టుకోవాలి. అయితే తాతల నాటి ఇల్లు ఇంకా నిలిచి ఉంటే, దానికి చేసే మరమ్మతు మాత్రం దాని రక్తానికి సరిపడేది కావాలి.

పెద్దిల్లు ఉందా? ఇలా చేయండి

ముందు కప్పు చూడండి. గోడ రోగాల్లో సగం కారే పెంకు నుంచే మొదలవుతాయి. తొలకరికి ముందే పగిలిన పెంకులు మార్చాలి.

పాత గోడకు సిమెంటు గార, గాలి ఆడనివ్వని ప్లాస్టిక్ రంగు వేయొద్దు. వెల్లసున్నమే మేలు.

దూలం చివర పుచ్చిందని మొత్తం తీసేయక్కర్లేదు. చెడినంత మేర కోసి, అదే జాతి కలపతో అతుకు వేసే వడ్రంగులు ఇంకా ఉన్నారు.

గోడ పునాది దగ్గర నీరు నిలవకుండా వాలు తీయండి. కూలిన భాగంలోని ఇటుకలు, పెంకులు, తలుపులు పారేయకండి. మరమ్మతుకు వాటిని మించిన సరుకు ఏ కొట్లోనూ దొరకదు.

అన్నిటికన్నా ముఖ్యం, సున్నం పని తెలిసిన పెద్ద మేస్త్రీ ఊళ్లో ఉంటే ఆయన పక్కన ఓ కుర్రాణ్ణి నిలబెట్టండి. సున్నపురాయి ఎక్కడైనా దొరుకుతుంది. పాళ్లు తెలిసిన చేతిని మాత్రం ఏ బట్టీలోనూ కాల్చి తీయలేం. కోఠీ మేడకు అలాంటి చేతులు దొరికాయి కనుకే అది నిలిచింది. గుడివాడ లోగిలికీ, బందరు మేడకూ కావలసింది అవే చేతులు, పనికి సరిపడా ఓపిక.