నారాయణగూడ నుంచి నాలా దాకా

పాతబస్తీ నడకలకు జనం వాళ్లంతట వాళ్లే వస్తారు. చార్మినార్ ఉంది, మక్కా మసీదు ఉంది. అదే నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ అంటే మాత్రం "అక్కడేముందండీ చూడ్డానికి?" అంటారు. గైడుగా నాకు అన్నిటికన్నా ఇష్టమైన దారి అదే.

మాడపాటి హనుమంతరావు బాలికోన్నత పాఠశాల ముందు అందర్నీ ఆపుతాను. ఆదివారం గేటు వేసే ఉంటుంది కాబట్టి బయటే నిలబడి చెబుతాను. 1928లో ఈ బడి పుట్టేనాటికి నిజాం రాజ్యంలో పైచదువు ఎక్కువగా ఉర్దూలోనే. ఆడపిల్లలకు తెలుగులో పాఠాలు చెప్పే హైస్కూలును సర్కారు గుర్తించలేదు. దాంతో ఎక్కడో మరాఠీ నేల మీద కార్వే పెట్టిన మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధమై పిల్లల చేత పరీక్షలు రాయించారు. సొంత ఊళ్లో సొంత భాషలో చదువుకోవడానికి అంత దూరం చూడాల్సి వచ్చింది. ఈ బడి పెట్టిన మాడపాటి వారు 1951లో నగరానికి తొలి మేయరయ్యారు. నా లెక్కలో ఆ పదవికన్నా ఈ బడే పెద్దది. "మా అమ్మమ్మ ఇక్కడే చదివింది" అని గుంపులోంచి ఎవరైనా అంటే, ఇక నేను పక్కకు జరిగి వాళ్లనే మాట్లాడమంటాను.

చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభను చూపించి, సిటీ సెంట్రల్ లైబ్రరీకి తీసుకెళ్తాను. టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటున్న పిల్లలుంటారు. అక్కడ గొంతు తగ్గించి మాట్లాడతాం.

అశోక్‌నగర్ వైపు వెళ్తే హుస్సేన్‌సాగర్ నాలా వస్తుంది. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో, 1562 ప్రాంతంలో తవ్వించిన చెరువు హుస్సేన్‌సాగర్. నిండితే ఆ మిగులు నీళ్లు మూసీకి పోవాల్సింది ఈ దారినే. 2000 ఆగస్టు 24న ఒక్కరోజులో దాదాపు 24 సెంటీమీటర్ల వాన పడి, నాలా వెంబడి ఇళ్లు మునిగాయి. ఆనాటి సంగతి నేను చెప్పను. ఓ ఇంటి పెద్దాయన అరుగు మీద నిలబడి, కిటికీ ఊచలకు చెయ్యానించి, "ఇదిగోనమ్మా, ఇక్కడిదాకా" అంటారు. నడిచొచ్చినవాళ్లు ఆ చేతి వంకే చూస్తుండిపోతారు.

ఆ ఇళ్లు ఒక్కొక్కటే అపార్ట్‌మెంట్లవుతున్నాయి. అందుకే నడక లేని రోజుల్లోనూ వెళ్లి, ఏ గల్లీలోకి నీళ్లు ముందొచ్చాయో, ఎవరింటి డాబా మీద తలదాచుకున్నారో అడిగి ఫోన్‌లో రికార్డు చేసుకుంటున్నాను.