బండను తొలిచి ఎరువుకు బాట

పెద్ద పోస్టు రాయక చాన దినాలైంది. మే నెలల బిడ్డ దగ్గరికి ఇంగ్లండు పోయి వచ్చిన సంగతి మీలో చాలామందికి తెలుసు. లండన్ ఫొటోలు పెట్టమని అడుగుతున్నరు. అవి ఎవరైనా పెడతరు. నేను మాత్రం అక్కడ చూసిన ఒక చిన్న సముద్రపు రేవు గురించి రాస్త. దాంట్ల మన చెల్క రైతుకు, ముఖ్యంగా మా ఊరోళ్ళకు పనికొచ్చే ముచ్చట ఉన్నది. కొంచెం ఓపికగా చదవండి.

బిడ్డ, అల్లుడు ఉండేది రీడింగ్ అనే పట్నంల. అక్కడి నుంచి కార్ల పడమటి దిక్కు ఐదు గంటలు పోతే ఆ దేశం చివరి కొస వస్తది. జిల్లా పేరు కార్న్‌వాల్. కొసకు పేరే లాండ్స్ ఎండ్, అంటే నేల అయిపోయిన జాగ. ఆడి నుంచి ముందుకు అట్లాంటిక్ మహాసముద్రమే.

లాండ్స్ ఎండ్ కాడ జనం మస్తు ఉన్నరు. అల్లుడు "మామయ్యా, జనం లేని జాగ ఒకటుంది, పోదాం" అన్నడు. కొద్ది మైళ్ళ దూరంల పోర్త్‌గ్వారా. పోర్త్ అంటే అక్కడి పాత భాషల రేవు అని అర్థమట. బాట ఎంత ఇరుకంటే, ఎదురుంగ బండి వస్తే ఒకరు వెనక్కి పోవాల్సిందే. రెండు దిక్కులా మనిషి ఎత్తు గట్లు. నా కన్ను ముందు ఆ గట్ల మీదనే పడ్డది. అవి మన ఒడ్ల లెక్క ఉత్త మట్టివి కావు. అటొక వరుస, ఇటొక వరుస రాళ్ళు పేర్చి, నడుమ మట్టి కూరిన్రు. ఆ మట్టిల గడ్డి, పూల మొక్కలు, ముళ్ళ చెట్లు మొలిచి రాళ్ళను గట్టిగ పట్టుకున్నయి. సముద్రపు గాలికి పంట పడిపోకుండ ఈ గట్లే అడ్డం. ఆ ప్రాంతంల కొన్ని పొలాల గట్లు 3000 ఏండ్ల కిందటివట. ఇప్పటికీ అవే హద్దులు, లోపల ఆవులు మేస్తున్నయి. మనం పక్కోని ఒడ్డు ఏటా ఒక సాలు చెక్కేటోళ్ళం, మనకు ఇది వింతే.

బాట దిగి దిగి రేవు కాడ ఆగింది. రేవు అంటే విశాఖపట్నం లెక్క ఊహించుకోకండి. రెండు గుట్టల నడుమ సముద్రం లోపలికి జొరబడిన ఒక సందు, అంతే. మన ఊరి బొడ్రాయి కాడి ఖాళీ జాగంత ఉంటదేమో. నాలుగైదు రాతి ఇండ్లు, పడవలను పైకి గుంజే రాళ్ళ వాలు, రెండు మూడు చిన్న పడవలు. అటూ ఇటూ బండలు నిలువుగ ఉన్నయి. అది గ్రానైటే. మన గుట్టల రాయికి దూరపు చుట్టం. వయసుల మాత్రం మనదే పెద్ద: అక్కడి రాయి దాదాపు 27 కోట్ల ఏండ్లదైతే మన తెలంగాణ రాయి 250 కోట్ల ఏండ్లది. గ్రానైటు మీద మట్టి ఎట్లుంటదో మీకు నేను చెప్పే పని లేదు. పలుచగ ఉంటది, నీళ్ళు నిలువవు, బలం తక్కువ. మన చెల్కల కష్టమే అక్కడోళ్ళది కూడ.

వాలు పక్కన బండల ఒక బొర్ర కనబడ్డది. గుహ అనుకున్న. దగ్గరికి పోతే అది మనిషి తొలిచిన సొరంగం. లోపలికి పోతే చల్లగ, తడితడిగ ఉన్నది, కాళ్ళ కింద జారుతది. బిడ్డ నా రెక్క పట్టుకున్నది. కొంచెం దూరం పోంగనే అవతల వెలుగొచ్చింది, ఎదురుంగ చిన్న ఇసుక తీరం, దాని మీద కుప్పలుగ సముద్రపు నాచు. చుట్టూ బండలే. సొరంగం లేకపోతే బండి ఆ ఇసుక మీదికి దిగే తొవ్వ లేదు.

ఈ సొరంగం ఎవరు తొలిచిన్రు, ఎందుకు తొలిచిన్రు అని అల్లుణ్ణి అడిగిన. సెల్లుల చూసి చెప్పిండు. దగ్గర్ల సెయింట్ జస్ట్ అనే ఊరుంది, అది తగరం గనుల ఊరు. ఆ గని పనోళ్ళు తొలిచిన్రట. రైతులు గుర్రబ్బండ్లు తోలుకొని తీరానికి దిగి, నాచు ఎత్తుకొని పొలాలకు కొట్టుకోవడానికి. నేను ఒకటికి రెండుసార్లు అడిగిన, "ఎరువు కోసమేనా?" అని. ఎరువు కోసమే. పక్కనే ఇంకో సొరంగం ఉంది. అది చేపలోళ్ళది, పట్టిన ఎండ్రికాయలను, పెద్ద రొయ్యలను పాణంతో ఉంచే రాతి తొట్ల కాడికి పోతది.

అక్కడి ఆటుపోటు గురించి చెప్తే ఆ పని కష్టం తెలుస్తది. మన విశాఖ తీరంల పోటుకు, ఆటుకు నడుమ నీటి మట్టం తేడా పెద్ద పోట్ల దినాలల్ల ఒకటిన్నర మీటరు. కార్న్‌వాల్‌ల దగ్గర దగ్గర 5 మీటర్లు. పొద్దున ఇసుక ఉన్న కాడ పగటీలికి మూడు మనుషుల లోతు నీళ్ళుంటయి. నాచు ఎక్కువ కొట్టుకొచ్చేది చలికాలం తుఫాన్లప్పుడు. అంటే గాలిల, చలిల, సముద్రం వెనక్కి పోయిన ఆ కొద్ది గంటలల్లనే బండి నింపి, తడి రాళ్ళ మీద గుర్రాన్ని ఎక్కించి బయట పడాలె. ఆలస్యమైతే సరుకు, బండి అన్నీ సముద్రం పాలు. అంత తిప్పలు ఎందుకు పడ్డరంటే నాచుల పొటాష్ బాగుంటది, నత్రజని కొంత ఉంటది, భాస్వరం తక్కువ. కలుపు గింజలు ఉండయి. గడ్డి, కట్టె లెక్క పీచు లేదు కాబట్టి జల్ది మురుగుతది. ఆలుగడ్డకు మంచి ఎరువు. వాళ్ళకు ఏడాది పొడుగూ వాన పడుతది కాబట్టి నాచుల ఉప్పు కడిగిపోతది. మనకు వాన నాలుగు నెలలే. ఎవరన్న పచ్చి నాచు తెప్పించి చెల్కల వేస్తమంటే నేను వద్దనే అంట. మన మందుల దుకాణాల సీసాలల్ల అమ్మే నాచు రసం వేరే సంగతి, అది ఎరువు కాదు, పంటకు ఊతం మాత్రమే.

వాలు మీద ఒక పెద్దమనిషి వల సర్దుకుంటున్నడు. బిడ్డతోని అడిగిపిచ్చిన, రైతులు ఇప్పటికీ వస్తరా అని. బండ్లు రావని తల ఊపిండు. "ఇప్పుడు ఫొటోల కోసం వస్తరు" అని నవ్విండు.

ఆ రాత్రి రూముల అల్లుడు ఇంకో సంగతి చదివి వినిపిచ్చిండు. నన్ను నిజంగ ఆలోచనల పడేసింది అదే. కార్న్‌వాల్ రైతులు నాచే కాదు, సముద్రపు ఇసుక కూడ పొలాలకు కొట్టేటోళ్ళు. ఆ ఇసుకల గవ్వల పొడి ఉంటది, అంటే సున్నం. పులిసిన నేలకు సున్నం మందు. 1823ల బ్యూడ్ అనే తీరం కాడి నుంచి లోపలి ఊర్లకు ఈ ఇసుక మొయ్యడానికి ఏకంగ ఒక కాలువ తవ్విన్రు. దానికంటే రెండు వందల ఏండ్ల ముందే, 1609ల, జేమ్స్ రాజు కాలంల వాళ్ళ పార్లమెంటు ఒక చట్టం చేసింది. డెవాన్, కార్న్‌వాల్ జిల్లాలోళ్ళు పొలాల కోసం సముద్రపు ఇసుక తీసుకోవచ్చు, వాడుకల ఉన్న బాటల గుండా మామూలు రుసుము ఇచ్చి తోలుకోవచ్చు అని. చూడండి, ఇసుక మీద హక్కు ఇస్తే సరిపోదు, బాట మీద కూడ హక్కు ఉండాలె అని నాలుగు వందల ఏండ్ల కింద తెలిసింది వాళ్ళకు. బాట లేకపోతే ఎరువు ఉన్నా లేనట్టే.

ఇప్పుడు మన ఊరికి వస్త. మనకు సముద్రం లేదు, చెరువు ఉన్నది. మన తాతలు ఎండాకాలం వస్తే ఎడ్లబండ్ల మీద చెరువు మట్టి కొట్టేటోళ్ళు. మిషన్ కాకతీయ వచ్చినంక సర్కారు పూడిక తవ్వితే మనం మన ఖర్చుతోని ట్రాక్టర్లల్ల తోలుకున్నం. నేను 2016 ఎండాకాలం ఒక ఎకరం చెల్కకు 60 ట్రిప్పులు కొట్టిచ్చిన. ఆ ఎకరంల పత్తి వాన పది దినాలు ఎనుకకు పోయినా తలకాయ వాల్చదు. పక్క ఎకరం నాలుగో దినమే వాడుతది. ఎవరన్న వచ్చి చూడొచ్చు. యూరియా సంచి కోసం తెల్లారగట్ల చెప్పులు లైన్ల పెట్టి నిలబడే మనకు, ఊరి నడుమనే ఇంత బలం పడి ఉన్నది.

కాని ఇయ్యాల ఆ మట్టి తెచ్చుకుందామంటే తొవ్వ ఏది? చెరువు కట్ట కిందికి పోయే బండ్ల బాట మన ఊరి నక్షల ఉన్నది. నక్షల రెండు గీతలు సాఫ్‌గ కనబడుతయి. నేల మీద మాత్రం మూడేండ్ల నుంచి కడీలు, ఇనుప తీగ. పట్నం నుంచి వచ్చి కొన్నోళ్ళు పాతిన్రు. నేను పేరు రాయను, గొడవ నా ఉద్దేశం కాదు. ఆ బాట మీద ఆధారపడ్డ రైతులం 14 మందిమి. అందరం ఒడ్ల మీది నుంచి సైకిలు మోటరు నడుపుకుంట, "ఎవరో ఒకరు అడుగుతరు తీ" అని ఊకున్నం. ఇంకో పదేండ్లు ఇట్లనే ఊకుంటే మన పిల్లలకు అక్కడొక బాట ఉండెనని చెప్పేటోడు కూడ ఉండడు.

అక్కడోళ్ళకు తొవ్వ లేకపోతే బండనే తొలిపిచ్చుకున్నరు. మనం బండ తొలిచే పని లేదు, ఉన్న బాటను తెరిపిచ్చుకుంటే చాలు. అందుకే నా మాట ఇది. ముందు నక్ష నకలు కోసం 14 మందిమి ఒకటే దరఖాస్తు మీద సంతకాలు పెడదాం. అది చేతికి వచ్చినంక, కొన్న ఆయనతోని కూసొని మంచిగ మాట్లాడుదాం. ఆయన పెట్టిన మామిడి మొక్కలకు కూడ చెరువు మట్టి కావాల్సిందే కద. ఇనకపోతే సర్వేయరును పిలిపిచ్చి కొలిపిద్దాం, తహసీల్దారు కాడికి అందరం పోదాం. ఒక్కడు పోతే తగాద అంటరు, పద్నాలుగు మంది పోతే ఊరి పని అంటరు.

ఈ పని యాసంగి కోతల లోపు అయితే వచ్చే ఎండాకాలం చెరువు ఎండంగనే ట్రాక్టర్లు దిగుతయి. మట్టి కొట్టే ముందు చెరువు మట్టి, పొలం మట్టి రెండూ పరీక్షకు పంపాలె, నల్లరేగడి ఉన్నోళ్ళకు ఈ మట్టితోని లాభం లేదు, ఎర్ర చెల్కలోళ్ళకే. ట్రాక్టర్ కిరాయి అందరం కలిసి మాట్లాడుకుంటే తగ్గుతది.

దరఖాస్తు కాగితం నేనే రాసి ఉంచిన. ఆదివారం పొద్దుగాల రచ్చబండ కాడ ఉంట. మా ఊరోళ్ళు రండి. వేరే ఊర్లోళ్ళు మీ ఊరి నక్ష బాటలు ఎన్ని తెరిచి ఉన్నయో, ఎన్ని మూసుకుపోయినయో, తెరిపిచ్చుకున్నోళ్ళు ఎట్ల తెరిపిచ్చుకున్నరో ఇక్కడ రాయండి. అందరికీ పనికొస్తది.