మన ఫుట్‌బాల్ క్లబ్బు ఢిల్లీ ఎందుకు వెళ్లిపోయింది?

ఈ రోజు మిర్చి రేటు గురించి కాదు, ఫుట్‌బాల్ గురించి రాస్తున్నా. "మనకెందుకయ్యా ఆ గోల" అనకండి. సొసైటీలో వాటా ఉన్నోళ్లందరికీ అర్థమయ్యే కథే.

ఒకప్పుడు ఫుట్‌బాల్ అంటే హైదరాబాదే. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. 1950లోనే డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ని ఓడించింది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, అంతకుముందు బడిపంతులు. ఆయన తయారు చేసిన భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచి బంగారు పతకం తెచ్చింది. అప్పటికే ఆయనకి క్యాన్సర్. మరుసటి ఏడే పోయారు. పేదింటి కుర్రాడికి ఆటతో పాటు పోలీసు ఉద్యోగం దొరికేది, అందుకే ఆ జట్టు నిలబడింది. నాకైతే కప్పుల కంటే అదే పెద్ద సంగతి.

తర్వాత చాలా ఏళ్లు చెప్పుకోడానికి పెద్దగా ఏం లేదు. 2019లో పుణె క్లబ్బు మూతపడితే ఆ స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. మూడేళ్లు తిరక్కుండా, 2022 మార్చిలో ఐఎస్‌ఎల్ కప్పు కొట్టింది! ఆ తర్వాత డబ్బులు కటకటలాడాయి, ఆటగాళ్లకు జీతాలు ఆగాయి. యజమాని మారాడు. 2025లో క్లబ్బు ఢిల్లీ పోయి పేరు కూడా మార్చుకుంది. అభిమానుల్ని అడిగినోళ్లు లేరు. అడగాల్సిన పనీ లేదు, వాళ్లకి అందులో ఓటు లేదుగా.

జర్మనీలో పద్ధతి వేరు. ఒకటి రెండు మినహాయింపులు తప్ప, పెద్ద లీగుల్లో కూడా క్లబ్బు ఓట్లలో సగానికి మించి సభ్యుల చేతిలోనే ఉండాలి. హాంబర్గ్‌లో సాంక్ట్ పౌలి అని ఒక క్లబ్బుంది. 2003లో దివాలా అంచుకొచ్చి మూడో లీగుకు పడిపోయింది. అభిమానులు టీషర్టులు కొని మరీ గట్టెక్కించారు. 2024లో అదే క్లబ్బు సహకార సంఘం పెట్టి, స్టేడియం కోసం వాటాలు అమ్మితే ఇరవై వేల మందికి పైగా కొన్నారు. అచ్చం మన పరపతి సంఘంలాగే, మనిషికి ఒక్క ఓటు.

మన ఊళ్లలో సంక్రాంతికి వాలీబాల్, కబడ్డీ పోటీలు పెట్టాలంటే కుర్రాళ్లు దాత కోసం తిరుగుతారు. ఆ దాత మాట మారిస్తే ఆ ఏడు పోటీలు లేవు. ఇంటికి వంద రూపాయల సభ్యత్వం, ఒక పుస్తకం, ఏడాదికోసారి లెక్క. మీ ఊళ్లో ఇలా నడుపుతున్నోళ్లు ఉంటే ఎలా నడుపుతున్నారో చెప్పండి. వచ్చే సంక్రాంతికి మా వాళ్లతో మొదలుపెట్టిద్దామనుకుంటున్నా.