అయిదు వేళ్ల దూరంలో త్యాగయ్య

ఆదివారం పొద్దున ఏడింటికల్లా ఉయ్యూరులోని ఆ ఇంటి మెట్ల దగ్గర పది పన్నెండు జతల చిన్న చెప్పులు చేరతాయి. వరండాలో శ్రుతిపెట్టె మోత, దాని మీద సరళీ వరసలు. చెరకు సీజనైతే రోడ్డు మీద ట్రాక్టర్ల రొద కూడా కలుస్తుంది. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన టీచరుగారు పిల్లలకు సంగీతం నేర్పే ఇల్లది. ఫీజు ఇంతని లేదు. ఇచ్చినవాళ్లు ఇస్తారు, లేనివాళ్లు తోటలో కాసిన జామకాయలు తెస్తారు.

పాట నేర్పడం ఆమెకు ఏనాడూ కష్టమనిపించలేదు. కష్టమల్లా పాట కట్టినవాళ్ల సంగతి చెప్పబోతేనే. మొదట్లో నోట్సు చెప్పేవారు. శ్యామశాస్త్రి 1762లో పుట్టి 1827లో పోయారు. త్యాగరాజు 1767లో పుట్టి 1847లో పోయారు. ముత్తుస్వామి దీక్షితులు పోయింది 1835లో. పిల్లలు బుద్ధిగా రాసుకునేవాళ్లు, అప్పజెప్పేవాళ్లు, వారం తిరిగేసరికి మర్చిపోయేవాళ్లు. శ్యామశాస్త్రి పోయిన ఏడాదే ఎక్కడో వియన్నాలో బీతోవెన్ కూడా పోయాడని చెప్పినప్పుడు మాత్రం ఒక్కసారి తలలెత్తారు.

"వాళ్లిద్దరూ ఫ్రెండ్సా టీచర్?"

"కాదురా, ఒకరి పేరు ఒకరికి తెలిసుండదు."

మళ్లీ తలలు దించేసుకున్నారు.

ఒకరోజు ఏడో తరగతి పిల్లాడు అడిగేశాడు. "ముగ్గురూ తిరువారూరులోనే పుట్టారంటున్నారు. మరి మనవైపు వాళ్లెవరూ లేరా?" వాడు ఊరికే అడిగాడు. ఆమెకు మాత్రం చురుక్కుమంది. త్యాగయ్య పాడింది తెలుగులోనే అని ఏదో సర్దిచెప్పారు కానీ, వాడడిగింది భాష గురించి కాదని ఆమెకూ తెలుసు. ఆ రాత్రి తన చిన్నప్పటి పాటల పుస్తకం తీశారు. మొదటి పేజీలో గురువుగారు రాయించిన పేర్లున్నాయి. చిన్నతనంలో శ్లోకంలా వల్లించిన పేర్లే. అందులో ఊళ్లు కూడా ఉన్నాయని ఇన్నేళ్లూ తట్టనేలేదు!

మర్నాటి ఆదివారం నోట్సు లేదు. "అందరూ కుడిచెయ్యి చాపండి" అన్నారు. బొటనవేలు త్యాగయ్య. చూపుడువేలు ఆయన శిష్యుడు, బంధువు కూడా అయిన మానంబుచావడి వెంకటసుబ్బయ్య. మధ్యవేలు ఆ వెంకటసుబ్బయ్యగారి దగ్గర నేర్చుకున్న సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి. ఆయనది ఏ ఊరు? పెదకళ్లేపల్లి.

"అది మోపిదేవి దగ్గర కదా, మా అమ్మమ్మ వాళ్ల ఊరు పక్కనే!" అని వెనకనించి ఒక గొంతు. ఆ తర్వాత కాసేపు వరండాలో ఎవరి మాట ఎవరికీ వినపడలేదు. 'నర్తనశాల' సినిమాకు సంగీతం కట్టిన సుసర్ల దక్షిణామూర్తి ఈయన మనవడేనని టీచరుగారు చెప్పారు. ఆ మాట పిల్లలకంటే గుమ్మంలో నిలబడ్డ వాళ్ల తాతయ్యలకు ఎక్కువ నచ్చింది.

ఉంగరం వేలు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. ఆయనది కృష్ణ ఒడ్డున ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న మన శ్రీకాకుళం. చిటికెన వేలు ఆయన శిష్యుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. గోదావరి జిల్లా శంకరగుప్తంలో పుట్టి, విజయవాడలో పంతులుగారి దగ్గర నేర్చుకుని, ఎనిమిదేళ్లకే కచేరీ చేసిన పిల్లాడు. అసలు పేరు మురళీకృష్ణే. హరికథకులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ ముందు 'బాల' చేర్చారు. ఇది విని ఒక పిల్ల ముఖం చిన్నబుచ్చుకుంది. "నాకు తొమ్మిది వచ్చేసింది టీచర్!"

త్యాగయ్య పోయింది 1847లో, బాలమురళి పోయింది 2016లో. నడుమ 169 ఏళ్లు, ముగ్గురే మనుషులు. లెక్క పిల్లలే కట్టారు. ఈ చెయ్యి మొత్తం చెట్టు కాదని, ఒక్క కొమ్మేనని, త్యాగయ్యకు ఇంకా ఎందరో శిష్యులున్నారని ఆమె చెబుతూనే ఉన్నారు. ఊరి పేరు దొరికాక ఆ మాట ఎవరు వింటారు! అందుకే ఆ సంబరం ఊరి గొప్ప దగ్గరే ఆగిపోకుండా ఒక నియమం పెట్టారు. వేలు ముడిచినప్పుడల్లా ఒక కీర్తన పాడాలి. పాడలేకపోతే కూర్చుని వినాలి.

వేసవి సెలవుల్లో అందరినీ బస్సెక్కించి పామర్రు మీదుగా కూచిపూడి, అక్కణ్నించి మొవ్వ తీసుకెళ్లారు. పదిహేడో శతాబ్దపు క్షేత్రయ్య పదాల్లో పిలిచే మువ్వగోపాలుడు ఆ గుళ్లోని వేణుగోపాలస్వామేనని ఈ ప్రాంతంలో నమ్మకం. నాలుగు వేలకు పైగా పదాలు పాడాడంటారు. మిగిలినవి కొన్ని వందలు. గుడి అరుగు మీద పులిహోర తింటూ, కూచిపూడి నాట్యం నేర్చుకునే పన్నెండేళ్ల పిల్ల అడిగింది.

"ఆ పదాల్లో ఏముంటుంది టీచర్?"

"భక్తి అమ్మా. జీవాత్మ పరమాత్మను పిలవడం."

"మరి మా డాన్స్ క్లాసులో పెద్దక్కలు పదం పట్టేటప్పుడు కోపంగా ముఖం తిప్పుకుంటారేం? పరమాత్మ మీద కోపమా?"

టీచరుగారు పులిహోర ఇంకొంచెం వడ్డించి మాట మార్చేశారు. తిరుగు బస్సులో మాత్రం ఆమె మనసు మనసులో లేదు. తనకు చిన్నప్పుడు చెప్పిన జవాబే తనూ చెప్పారు. అది అబద్ధం కాదు. కానీ పిల్ల అడిగినదానికి అది జవాబు కూడా కాదు.

రెండు వారాలు ఆలోచించి, చెప్పదలచింది సూటిగానే చెప్పారు. ఆ పదాల్లో మాట్లాడేది ఒక ఆడమనిషి. ప్రేమించిన మనిషి కోసం ఎదురుచూస్తుంది, వేరే ఇంటికి వెళ్లొచ్చాడని తెలిస్తే నిలదీస్తుంది. వాటిని తరతరాలుగా పాడి, ఆడి నిలబెట్టినవాళ్లు దేవదాసీలు, కళావంతుల ఇళ్ల ఆడవాళ్లు. వాళ్లను లోకం చిన్నచూపు చూసింది, పాటను మాత్రం తీసుకుంది. ఆ కులంలో పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మే 1920లలో తన సొంత సొమ్ముతో తిరువయ్యారులో త్యాగయ్య సమాధికి గుడి కట్టించారు. అప్పట్లో అక్కడి ఆరాధనలో ఆడవాళ్లు పాడటానికే వీల్లేదు. ఆవిడ ఆడవాళ్లను కూడగట్టుకుని వేరేగా పాడించారు.

పిల్లలు కిక్కురుమనకుండా విన్నారు. ఆ సాయంత్రం ఒక తండ్రి వచ్చి, "పాటలు చెప్పండి చాలు టీచరుగారూ, పసివాళ్లకు ఈ కథలన్నీ ఎందుకండీ?" అని మర్యాదగానే అడిగారు. ఆమె ఏదో చెప్పబోయి ఊరుకున్నారు. ఆయనది పూర్తిగా తప్పని ఆమెకూ అనిపించలేదు. ఏ వయసుకు ఎంత చెప్పాలో ఏ స్వరజ్ఞాన పుస్తకంలో రాసుంది? మర్నాటి ఆదివారం మెట్ల దగ్గర రెండు జతల చెప్పులు తగ్గాయి.

నాట్యం నేర్చుకునే పిల్ల మాత్రం అందరికంటే ముందొచ్చి కూర్చుంది. నోట్సులో తన చెయ్యి ఆనించి చుట్టూ పెన్సిలుతో గీసుకుంది. వేళ్ల మీద అయిదు పేర్లూ రాసింది.

"నాగరత్నమ్మగారు ఏ వేలు టీచర్?"

"ఆవిడ ఈ శిష్యుల వరసలో లేరమ్మా."

ఆ పిల్ల కాసేపు పెన్సిలు కొరుకుతూ చూసి, అరచేతి నడుమ ఖాళీలో ఆ పేరు రాసుకుంది. టీచరుగారు శ్రుతిపెట్టె మీట నొక్కి, "ఊఁ, పోయినవారం ఎక్కడ ఆపాం?" అన్నారు.