సముద్రం దాటే సైకిలు

మా ధారూరు ప్రాంతంలోనూ పిల్లలు అమెరికాలో స్థిరపడిన కుటుంబాలు ఇప్పుడు లేకపోలేదు. కూతురి కాన్పుకో, మనుమణ్ణి చూసుకోవడానికో వెళ్ళి ఆరు నెలలుండి వచ్చిన పెద్దలను నేను పలువురిని పరీక్షించాను. వెళ్ళేటప్పుడు అదుపులో ఉన్న మధుమేహం వచ్చేసరికి అదుపు తప్పి ఉంటుంది. కారణం తిండి ఒక్కటే కాదు. ఇక్కడ రోజంతా తిరిగే మనిషి అక్కడ కారు లేనిదే గడప దాటడు.

అందుచేత, విశ్రాంత ఉపాధ్యాయులైన నా రోగి ఒకరు "డాక్టరుగారూ, నా సైకిలు కూడా వెంట తీసుకుపోవచ్చునా?" అని అడిగినప్పుడు నాకు నవ్వు రాలేదు. ఆయన మోకాళ్ళు అరిగినవి. నడిస్తే నొప్పి. సైకిలు మీద శరీరపు బరువును చాలావరకు సీటు మోస్తుంది గనుక అంత బాధ ఉండదు. తెల్లవారుజామున కోట్‌పల్లి ప్రాజెక్టు వైపు సైకిలు మీద వెళ్ళి వచ్చే అలవాటు ఆయన మందులలో ఒకటి. ఆరు నెలలు మందు మానమని ఏ వైద్యుడు చెబుతాడు? ఆ ప్రశ్నను పట్టుకొని కొంత విచారించాను. మీలో ఎవరికైనా అక్కరకు రావచ్చునని వ్రాస్తున్నాను.

ముందుగా ధర సంగతి. విమానంలో పంపే సరుకుకు బరువును మాత్రమే కాక, అది ఆక్రమించే చోటును బట్టి కూడా లెక్క కడతారు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి, అంతర్జాతీయ కొరియర్లు సాధారణంగా 5000తోను, విమాన సరుకు సంస్థలు 6000తోను భాగిస్తాయి. అలా వచ్చిన కిలోలు, అసలు బరువు – రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే రుసుము. 135, 75, 20 సెంటీమీటర్ల అట్టపెట్టెను తీసుకోండి. లోపలి సైకిలు 15 కిలోలే అయినా కొరియరు లెక్కలో అది 40 కిలోలు దాటుతుంది! ఓడలో పంపితే ఘనపు మీటర్ల లెక్క. ఆ పెట్టె ఘనపు మీటరులో ఐదో వంతు మాత్రమే. అయినా కనీస రుసుము, రెండు రేవుల ఖర్చులు, పత్రాల ఖర్చు కలిసేసరికి ఒక్క సైకిలుకు గిట్టదు. ఇల్లు మార్చుకొని వెళ్ళేవారి సామానుతో కలిపి పంపగలిగితేనే ఓడ మేలు.

ఇక మిగిలినది మన టికెట్టుతో వచ్చే సామాను హక్కు. 23 కిలోల పెట్టెలు రెండు అనుమతించే టికెట్టు ఉంటే, అందులో ఒకటి సైకిలు కావచ్చు. అయితే మామూలు పెట్టెకు మూడు కొలతలూ కలిపి 158 సెంటీమీటర్లు మించరాదని నియమం. మన పెట్టె 230కి చేరుతుంది. కొన్ని విమాన సంస్థలు సైకిలును క్రీడాసామగ్రిగా భావించి ఈ నియమాన్ని సడలిస్తాయి, కొన్ని అదనంగా వసూలు చేస్తాయి. కాబట్టి టికెట్టు కొనకముందే అడిగి, జవాబును ఈమెయిలులో తీసుకోండి. దారిలో సంస్థ మారితే ఆ రెండవ సంస్థనూ అడగండి. శంషాబాద్ కౌంటరు ముందు వాదించి గెలిచినవారిని నేను చూడలేదు.

అట్టపెట్టె కోసం డబ్బు ఖర్చు చేయనక్కరలేదు. కొత్త సైకిళ్ళు వచ్చిన పెట్టెలు దుకాణాలలోనే ఉంటాయి. పెడళ్ళు, ముందు చక్రం విప్పి, హాండిలు పక్కకు తిప్పి, టైర్లలో గాలి తగ్గించాలి. ఎడమ పెడలు మర తలకిందులుగా తిరుగుతుందని గుర్తుంచుకోండి. మట్టి పూర్తిగా కడగండి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్ళేవారైతే మరీ శ్రద్ధగా, అక్కడి తనిఖీ అధికారులు టైర్ల గాడులలో అంటిన మట్టిని సైతం వదలరు. బ్యాటరీ సైకిలు మాట మరచిపోండి. 160 వాట్ అవర్లు దాటిన లిథియం బ్యాటరీని ప్రయాణికుల సామానుగా అనుమతించరు, సైకిలు బ్యాటరీలు సాధారణంగా అంతకు మించినవే. ఇన్సులిన్ మాత్రం చేతిసంచిలోనే ఉండాలి. కింది అరలోని చలికి గడ్డకడితే అది పనికిరాదు.

ఇంత విచారించాక మా మాస్టారికి నేను ఇచ్చిన సలహా వేరు. ఆయనది పాతకాలపు ఉక్కు సైకిలు, ఇరవై కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. పెట్టెతో కలిపితే హక్కు అంతా దానికే సరి. అటువంటిది ఆరు నెలల కోసం సముద్రం దాటించడం దండుగ. గేర్ల సైకిలుకో మడత సైకిలుకో ఈ శ్రమ తగును. మాస్టారి విషయంలో ప్రయాణించవలసినది సైకిలు కాదు, దాని కొలత. పెడలు అడుగున ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండే ఎత్తున సీటును సరిచూసి, పెడలు నుండి సీటు పైభాగం వరకు టేపుతో కొలిచి కాగితం మీద వ్రాసి ఇచ్చాను. సీటు మరీ కిందికి ఉంటే అరిగిన మోకాలి చిప్పపై ఒత్తిడి పెరుగుతుంది. అలవాటైన తన సీటును మాత్రం విప్పి బట్టల మధ్య పెట్టుకున్నారు. అక్కడ అల్లుడు వాడిన సైకిలు ఒకటి కొనిపెట్టారు. తిరిగి వచ్చాక చేసిన మూడు నెలల సగటు చక్కెర పరీక్ష, వెళ్ళేముందు ఉన్నట్లే ఉన్నది.

అక్కడ సైకిలు కొనేవారికి మరొక మాట. మన సైకిళ్ళలో ముందు చక్రపు బ్రేకు సాధారణంగా కుడిచేతిది, అమెరికాలో ఎడమచేతిది. అలవాటు కొద్దీ ఎడమ బ్రేకు గట్టిగా నొక్కితే ముందుకు బోర్లా పడే ప్రమాదం ఉంది. పెద్ద వయసులో తుంటి ఎముక విరిగితే సంగతేమిటో నేను చెప్పనక్కరలేదు. కుడివైపు నడిచే ట్రాఫిక్కు అలవాటయ్యేవరకు పార్కులోనే తొక్కండి, జేబులో నాలుగు చక్కెర బిళ్ళలు ఉంచుకోండి.