నొప్పి యెరుగని చేయి

మా పిన్నమ్మగారిది రేపల్లె. తెనాలిలో మా యింటనే యుండును. ఒకనా డామె కాగుచున్న గిన్నెను పట్టుకారు లేకయే దింపగా, ఆమె యోర్పును మెచ్చుకొంటిమి. చిటికెనవ్రేలును, ఉంగరపువ్రేలును కొక్కెములవలె వంగగా వాతమంటిమి, తైలము మర్దించితిమి. ఆరుమాసము లట్లే గడచెను. ఆ మెప్పు తలచుకొన్న నిప్పటికిని మాకు సిగ్గగును.

తుదకు రైలెక్కించి బాపట్లకు గొనిపోయితిమి. వైద్యుడు వ్రేళ్లకంటె ముందుగా మోచేతి వెనుక తడవి చూచెను. అచట నరము త్రాడువలె లావెక్కియుండెను. ముంజేతిమీద స్పర్శలేని పాలిపోయిన మచ్చ యొకటి. కుష్ఠు అనెను. ఆ మాట చెవినిబడగానే పిన్నమ్మగారు మా చేయి విడిచి దూరముగా నిలిచిరి.

వ్రేళ్లు కుళ్లి రాలునని గదా లోకుల మాట! నొప్పి తెలియక కాల్చుకొనుట, కోసికొనుటవలననే చేయి చెడుచున్నదని వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలలో డాక్టరు పాల్ బ్రాండు కనుగొనెను. అరచేతి చిన్నకండరములు చచ్చుబడగా, పనిచేయుచున్న వేరొక కండరపు స్నాయుబంధనమును మళ్లించి వ్రేళ్లకు కుట్టు శస్త్రచికిత్సను 1940ల చివర నచట నారంభించెను. కీళ్లు బిగిసిపోకమునుపే రావలెను. మా యాలస్యమునకు వైద్యుడు మందలించినది యిందులకే.

1982 నుండి ప్రపంచారోగ్యసంస్థ సూచించిన బహుళౌషధ చికిత్స యున్నది. ఆరు లేక పండ్రెండు మాసములు, అదియు ఉచితముగా. మందు మ్రింగిన పిదప పిన్నమ్మగారికి శస్త్రచికిత్స జరిగెను. కొన్ని వారములు కట్టుతో నుండి, పసిపిల్లవలె వ్రేళ్లు చాచుట మరల నేర్చుకొనిరి.

ఇప్పుడు బియ్యములో రాళ్లేరుచున్నారు. స్పర్శ మాత్రము రాలేదు. పొయ్యికడ మందపుగుడ్డ, కొయ్యపిడి గరిటె. రాత్రి దీపముకడ రెండుచేతులు చాచిన, బొబ్బ యేమైన లేచెనేమోయని మా చిన్నకోడలు వెదకును.