వాడలోకి లేత్ వచ్చింది – 7: పాత మిషన్ కొనేటప్పుడు

పోయిన భాగంలో షెడ్డు సంగతి రాశాక చాలామంది తమ్ముళ్లు ఒకటే అడిగారు: "అన్నా, మిషన్ ఎట్ల కొన్నారు? ఎంత పడ్డది?" ఈసారి అదే రాస్తున్నా. ఐటీఐ చదివి డెలివరీ బ్యాగు తగిలించుకున్నవాళ్లు కొంచెం ఓపిగ్గా చదవండి.

మేం ముగ్గురం. ఒకడు ఆటో నడుపుతాడు, ఒకడు అపార్ట్‌మెంట్లలో నీళ్ల పంపులు బాగుచేస్తాడు, నేను ఆఫీసులో గుమాస్తాని. ముగ్గురం టర్నర్ ట్రేడ్ పాసైనవాళ్లమే. సర్టిఫికెట్లు ఇనప్పెట్టెలో ఉన్నాయి, చేతులు మాత్రం ఇరవై ఏళ్లుగా వేరే పనుల్లో ఉన్నాయి. సాయంత్రం ఆరున్నర నుంచి పది దాకా, ఆదివారం పూర్తిగా – ఇదీ మా వర్క్‌షాప్ టైము. చేతిలో ఉన్నది లక్షా ఎనభై వేలు. అందులో అరవై వేలు మా ఇంటామె గొలుసు కుదువ పెట్టి తెచ్చినవి. మిషన్ చెడిపోతే గొలుసు పోయినట్టే.

మా తాత ఊళ్లో కొలిమికి తిత్తి కుట్టేవాడు. మేకతోలు ఊరేసి, పదును చేసి, గాలి ఎక్కడా కారకుండా కుట్టడం ఎంత పనితనమో చూసినవాళ్లకే తెలుసు. ఆ తిత్తి లేకపోతే కొలిమిలో నిప్పు లేదు, నాగలికి కర్రు లేదు. సమ్మెట కొట్టడానికి కూడా మావాళ్లను పిలిచేవారు. పటకారు పట్టుకుని ఇనుము తిప్పే చెయ్యి మాత్రం ఎప్పుడూ ఇంకొకరిదే. కమ్మరిని తిడుతున్నాననుకోకండి, ఇవాళ ఆయన కొలిమి కూడా ఆరిపోయింది. ఏ పని ఎవరు నేర్చుకోవాలో పుట్టుకతో తేల్చిన ఊరి గురించే నా మాట.

ఈ మధ్య వచ్చిన పథకాలు కూడా చూడండి. 2023 సెప్టెంబర్ 17న పీఎం విశ్వకర్మ మొదలైంది. పద్దెనిమిది వృత్తుల జాబితాలో కమ్మరి ఉన్నాడు, చెప్పులు కుట్టేవాడు ఉన్నాడు. లేత్ మీద పనిచేసే టర్నర్ లేడు. స్టాండప్ ఇండియా 2016 ఏప్రిల్‌లో వచ్చింది, ప్రతి బ్యాంకు బ్రాంచీ కనీసం ఒక ఎస్సీకి గానీ ఎస్టీకి గానీ అప్పు ఇవ్వాలన్నారు, మంచిదే. కానీ అది పది లక్షల నుంచి మొదలయ్యేది. మాకు కావలసింది రెండు లక్షల లోపు. ఇక మిగిలింది ముద్ర. బ్యాంకు మేనేజరు కుర్చీ చూపించాడు, మర్యాదగానే మాట్లాడాడు, "కొత్త మిషన్‌కి డీలర్ కొటేషన్ తెండి" అన్నాడు. సెకండ్‌హ్యాండ్ అనగానే ఫైలు మూసేశాడు. తండ్రి షెడ్డు, తండ్రి మిషన్లు ఉన్న కుర్రాడికి ఈ కొటేషన్ గొడవ ఉండదు. మన దగ్గర పాత మిషన్‌కి సరిపడా డబ్బే ఉంటుంది, అప్పేమో కొత్త మిషన్‌కే ఇస్తారు.

దీనికి ఒక దారి ఉంది, రాసి పెట్టుకోండి. యార్డులో చిట్టీ మీద అమ్మేవాడి దగ్గర కాకుండా, జీఎస్టీ ఉన్న వర్క్‌షాప్ తన పాత మిషన్ అమ్ముతుంటే అక్కడ కొనండి. ఇన్‌వాయిస్ వస్తుంది. దానికి చార్టర్డ్ ఇంజనీర్‌తో మిషన్ విలువ, ఇంకా ఎన్నేళ్లు పనిచేస్తుందో సర్టిఫికెట్ తీసుకుంటే కొన్ని బ్యాంకులు వింటాయి. మాకు అంత ఓపిక లేక గొలుసు మీద పడ్డాం.

పాత మిషన్లు ఎక్కడినుంచి వస్తాయంటే, రెండు చోట్ల నుంచి. బాలానగర్, జీడిమెట్లలో షెడ్డు షెడ్డూ సీఎన్‌సీకి మారుతోంది, చేత్తో నడిపే లేతులు బయటికొస్తున్నాయి. రెండోది మూతబడిన ఫ్యాక్టరీలు. సికింద్రాబాద్ ప్రాగా టూల్స్ 1943లో మొదలైంది, బెంగళూరులో హెచ్ఎంటీ 1953లో. అట్లాంటి ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీల్లో రిజర్వేషన్ మీద, అప్రెంటిస్ సీట్ల మీద మన మొదటి తరం వెళ్లి మిషన్ ముందు నిలబడింది. అవి పడిపోతుంటే మిషన్లు వేలానికి పోయాయి, మనుషులు ఆటోలెక్కారు. వేలంలో మిషన్లు లాట్లుగా అమ్ముతారు, ముందే డిపాజిట్ కట్టాలి. ఒక్క లేత్ కావలసినవాడికి అక్కడ పని లేదు. పెద్ద వ్యాపారి లాటు కొంటాడు, రంగు వేస్తాడు, మనకు ఒక్కొక్కటి అమ్ముతాడు.

ఆ రంగు గురించే మా చాచా మొదట చెప్పాడు. చాచా నలభై ఏళ్లు లేతులు బాగుచేసిన మిస్త్రీ, ముసలాయన, రోజు కూలి ఇస్తామంటే తీసుకోడు, చాయ్ మాత్రం తాగుతాడు. "బేటా, కొత్త రంగు కనబడితే గోరుతోని గీకి చూడు. కింద లప్పం ఉంటే ఏదో పగిలింది దాస్తున్నడు."

మూడు ఆదివారాలు తిరిగాం. రాణీగంజ్‌లో నిగనిగలాడే లేత్ ఒకటి, అరవై ఎనిమిది వేలు. చాచా టూల్ ఉండే క్యారేజ్‌ని చక్ దగ్గరికి తెచ్చి, లూజు లేకుండా పట్టీ బిగించి, అక్కడినుంచి టెయిల్‌స్టాక్ వైపు తిప్పమన్నాడు. సగం దూరం పోయి బిగుసుకుపోయింది. అంటే పని ఎప్పుడూ చక్ దగ్గరే జరుగుతుంది కాబట్టి బెడ్ అక్కడ అరిగిపోయింది, చివర అరగలేదు. అరిగిన చోటికి సరిపెడితే అరగని చోట పట్టేస్తుంది. బెడ్ మళ్లీ గ్రైండింగ్ చేయించాలంటే మిషన్ ధరలో పెద్ద ముక్క పోతుంది. దండం పెట్టి బయటికొచ్చాం.

రెండోది బాలానగర్ సందులో, నాలుగున్నర అడుగుల బెల్ట్ లేత్, బటాలా తయారీ. రంగు లేదు, నూనె జిడ్డు వేలు మందాన ఉంది. ఆ జిడ్డు చూసి చాచా ముఖం వెలిగింది: నూనె పోసిన మనిషి ఒకడు దీన్ని చూసుకున్నాడన్నమాట. చక్‌లో పొడుగు రాడ్ పట్టించి, డయల్ గేజ్ ఆనించి, రాడ్‌ని పైకీ కిందకీ ఎత్తి చూశాం. ముల్లు రెండు గీతలు కదిలింది, అంటే 0.02 మిల్లీమీటర్లు. సరే. క్రాస్ స్లయిడ్ హ్యాండిల్ పావు చుట్టు ఖాళీగా తిరిగింది. అది నట్ మారిస్తే పోతుంది. హాఫ్ నట్ అరిగింది, అదీ చేయించుకోవచ్చు. బెడ్, స్పిండిల్ – ఈ రెండే మారని వస్తువులు. వీటి దగ్గర బేరం వద్దు, మిగతావాటి దగ్గర గట్టిగా చేయండి.

అప్పుడు అడిగాం, ఒక కోత వేసి చూస్తామని. సేఠ్ ఒప్పుకోలేదు. చాచాని "ఆప్" అంటూ మాట్లాడుతున్నవాడు నా వైపు తిరిగి, "నువ్వు ఏమిటోళ్లు? మీవోళ్లు నడిపిస్తరా దీన్ని?" అన్నాడు.

మాదిగోళ్లం అని చెప్పాను. మా ఆటో తమ్ముడు ఏమీ అనకుండా చొక్కా చేతులు మడిచి, నలభై మిల్లీల రాడ్ చక్‌లో పెట్టి, టూల్ నూరుకొచ్చి, సెంటర్ ఎత్తు సరిచేసి స్విచ్ నొక్కాడు. టెయిల్‌స్టాక్ ఆనించకుండా నూట ఇరవై మిల్లీల పొడవున సన్న కోత. రజను ఒకే చుట్టగా రాలింది. మైక్రోమీటర్‌తో రెండు చివర్లూ కొలిస్తే తేడా 0.03. పదిహేనేళ్లుగా వాడు స్టీరింగే పట్టాడు, టూల్ పట్టలేదు. సేఠ్ మళ్లీ కులం అడగలేదు, ధర మాత్రం తగ్గించలేదు. డెబ్బై ఐదుకు చెప్పినదాన్ని నేను హాఫ్ నట్, క్రాస్ నట్, లేని చేంజ్ గేర్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టి అరవై తొమ్మిదికి దించాను. చేంజ్ గేర్లు పూర్తిగా ఉన్నాయో లేదో తప్పకుండా లెక్కపెట్టుకోండి, అవి లేకపోతే మరలు కోయలేరు. ఫోర్ జా చక్, స్టెడీ, సెంటర్లు మిషన్‌తోనే ఇవ్వాలని చిట్టీ మీద రాయించండి. లేకపోతే ట్రాలీ ఎక్కించేటప్పుడు అవి "వేరే లెక్క" అవుతాయి.

మోయడం ఇంకో కథ. ఆరు వందల కిలోల పైనే. బరువంతా హెడ్‌స్టాక్ వైపు ఉంటుంది, కాబట్టి క్యారేజ్‌ని టెయిల్‌స్టాక్ చివరికి తోసి, గొలుసు హెడ్‌స్టాక్ దగ్గరగా కట్టాలి. లేకపోతే లేచిన వెంటనే తిరగబడుతుంది. చైన్ పుల్లీ, నాలుగు జీఐ పైపులు, రెండు గడ్డపారలు, ఒక టాటా ఏస్. దింపడానికి వాడంతా వచ్చింది, పెద్దమ్మలతో సహా.

కరెంటు సంగతి చాలామంది అడగరు, అదే ముందు అడగాలి. మోటార్ త్రీ ఫేజ్, మా షెడ్డుకు సింగిల్ ఫేజ్. సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీ ఫేజ్ ఇచ్చే డ్రైవ్ పెట్టాం. అది 230 వోల్టులే ఇస్తుంది. చిన్న మోటార్లు ఎక్కువగా 415కి స్టార్‌లో కట్టి ఉంటాయి, లోపలి ముడి విప్పి డెల్టాకు మార్చాలి. వైండింగ్ తెలిసినవాడితోనే చేయించండి.

మిగిలిన డబ్బుతో ఒక షేపర్ కొన్నాం. దాన్ని ఇవాళ ఎవరూ అడగరు, దాదాపు తుక్కు ధరకే తూకం వేసి ఇస్తారు. కానీ పుల్లీకి కీ గాడి కోయడానికి మిల్లింగ్ మిషన్ కొనలేని మాలాంటివాళ్లకు అది చాలు. నెమ్మదిగా, ఊగుతూ, ముసలి ఎద్దులా పనిచేస్తుంది.

బోరు పంపుల షాఫ్ట్ స్లీవులు, ఇత్తడి బుష్షులు, చెరుకు రసం మిషన్ రోలర్లు – ఇవీ మా పనులు. ఈ నెల నుంచి గొలుసు మీద వడ్డీ మిషనే కడుతోంది, అసలు ఇంకా కదల్లేదు. వాడ నుంచి నలుగురు పిల్లలు నేర్చుకోవడానికి వస్తున్నారు. వాళ్లలో ఫిట్టర్ చదివిన అమ్మాయి ఒకతె, ఫోర్ జా చక్‌లో రాడ్‌ని సెంటర్ చేయడం పట్టుకుంది, నాకన్నా తొందరగా చేస్తోంది. డయల్ గేజ్ చాచాది, తిరిగి ఇచ్చేయాలి. మీలో ఎవరి దగ్గరైనా పాతది, ముల్లు సరిగ్గా తిరిగేది ఉంటే చెప్పండి. ఊరికే వద్దు, కొంటాం.